సన్నని రాత, వెండి పొర: మైక్రోఫిల్ము ప్రతుల విశ్వసనీయతపై ఒక విమర్శ

ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై, మరణం హి. 241/క్రీ.శ. 855) తన తండ్రి సోదరుని కుమారుడైన హంబల్ బిన్ ఇస్‌హాఖ్ చాలా సన్నని అక్షరాలతో రాసుకోవడం చూసి వారించారు. అలా రాయవద్దనీ, దాని అవసరం మరీ ఎక్కువగా పడిన రోజునే ఆ రాత మోసం చేస్తుందనీ ఆయన హెచ్చరిక సారాంశం. హదీసు శాస్త్ర నియమాలను క్రోడీకరించిన ఇబ్నుస్సలాహ్ (మరణం హి. 643/క్రీ.శ. 1245) ఈ విషయాన్ని పేర్కొంటూ ఒక మినహాయింపు కూడా చెప్పారు. కాగితానికి కటకటగా ఉన్నవాడు, విద్యార్జనకై దేశాలు తిరుగుతూ గ్రంథభారం తగ్గించుకోవలసినవాడు సన్నగా రాసుకొంటే తప్పు లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇస్లామీ విద్యల పరిశోధనకు ఆ ప్రయాణికుని సన్నని రాతే మైక్రోఫిల్ము రూపంలో అందివచ్చింది. ఇస్తంబూల్ గ్రంథాలయంలోని వందల పుటల లిఖితప్రతి అరచేతిలో ఇమిడే రీలుగా మారి సముద్రాలు దాటింది. అరబ్ లీగ్ 1946లో కైరోలో నెలకొల్పిన అరబీ లిఖితగ్రంథాల సంస్థ (మఅహదుల్ మఖ్తూతాత్) తుర్కీ మొదలైన దేశాలకు బృందాలను పంపి అరుదైన ప్రతులను ఫిల్ముకెక్కించింది. ఆ ఫిల్ముల సూచికను ఫుఆద్ సయ్యద్ కూర్చగా అది 1954లో వెలుగు చూసింది. అంతకు ముందు ఒక్క ప్రతి చూడడానికి నెలల తరబడి ప్రయాణం చేయవలసి వచ్చిన పరిశోధకుడు తన ఊళ్ళోనే కూర్చుని నాలుగు నగరాల ప్రతులను పోల్చుకోగలిగాడు.

ఈ మేలును కాదనడం కృతఘ్నత. ఐతే మేలు చేసినవాని సాక్ష్యాన్నైనా పరీక్షించకుండా స్వీకరించకూడదన్నది ముహద్దిసులు నేర్పిన పద్ధతి. ఉల్లేఖకుడు ఎంత పుణ్యాత్ముడైనా సరే, అతని శీలంతో పాటు (అదాలత్) విన్నదాన్ని చెక్కుచెదరకుండా అప్పగించే సామర్థ్యాన్ని (జబ్త్) కూడా వారు తూచేవారు. లిఖితప్రతికీ పాఠకునికీ మధ్య నిలిచిన మైక్రోఫిల్మును మాత్రం ఎవరూ తూచడం లేదు. పరిష్కర్తల పీఠికలలో ఫలానా గ్రంథాలయపు ప్రతి ఛాయాచిత్రాన్ని ఆధారం చేసుకున్నామన్న ఒక్క వాక్యంతో విషయం ముగిసిపోతున్నది. ఆ ఛాయ ఏ ఫిల్ము మీదిది, ఎన్నో తరం నకలు, దాని స్థితి ఏమిటి, మూలప్రతితో ఎవరైనా సరిచూశారా అన్న ప్రశ్నలకు జవాబు ఉండదు. ఈ మౌనమే ఇక్కడ విమర్శకు గురి అవుతున్న లోపం.

వెండితో రాసిన రాత

విమర్శకు ముందు వస్తువు స్వరూపం తెలియాలి. మైక్రోఫిల్ములో రెండు ముఖ్యమైన పొరలుంటాయి. అడుగున పారదర్శకమైన ఆధారపు పట్టీ, దాని మీద జెలటిన్ పూత. ఆ జెలటిన్‌లో కాంతికి చలించే వెండి లవణాల కణాలు ఇమిడి ఉంటాయి. కెమెరాలో కాగితపు తెలుపు నుండి వచ్చిన కాంతి తగిలినచోట ఆ కణాలలో కంటికి కనబడని మార్పు వస్తుంది. డెవలపర్ ద్రావణం ఆ కణాలను నల్లని లోహపు వెండిగా మారుస్తుంది. సిరా నల్లగా ఉన్నచోట కాంతి రాదు కనుక అక్కడి లవణాలు అలాగే మిగిలిపోతాయి. వాటిని కరిగించి తీసివేయడానికి ఫిక్సర్ వాడతారు. ఫోటో స్టూడియోలలో 'హైపో' అని పిలిచే సోడియం థయోసల్ఫేట్ అదే. ఆ తరువాత హైపో అంతా పోయేట్టు నీటితో కడిగి ఆరబెడతారు. ఫలితంగా కాగితం నల్లగా, అక్షరాలు తెల్లగా కనిపించే నెగెటివ్ సిద్ధమవుతుంది.

అంటే ఫిల్ములో అక్షరం సిరా కాదు, వెండి లేని ఖాళీ మాత్రమే. చుట్టూ ఉన్న వెండి నిలిచినంత కాలమే ఆ అక్షరం నిలుస్తుంది. వెండి ఎంతకాలం నిలుస్తుందన్నది ఫిల్ము తీసిన రోజున కడిగినవాడి చేతిలో ఉంది. ఆ తరువాత దాచినవాడి చేతిలో ఉంది.

కడగడంలో అమానత్

హైపో పూర్తిగా పోకపోతే ఏమవుతుంది? ఆనాడు ఏమీ కాదు. ఫిల్ము నిగనిగలాడుతుంది, రీడరులో అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. కాలక్రమంలో, ముఖ్యంగా వేడీ తేమా ఉన్నచోట, మిగిలిన హైపో విచ్ఛిన్నమై అందులోని గంధకం వెండిని పట్టుకుంటుంది. నల్లని వెండి పసుపుగా, గోధుమగా మారి వెలిసిపోతుంది. ఫిక్సర్‌ను మార్చకుండా రోజుల తరబడి వాడినా హాని ఉంది. అలసిపోయిన ద్రావణంలో పుట్టే వెండి సమ్మేళనాలు జెలటిన్‌ను వదలవు. ఎంత కడిగినా పోవు. తెల్లగా ఉండవలసిన చోట మరకలు పడేది అందువల్లనే.

ఈ కారణంగానే శాశ్వతంగా దాచవలసిన ఫిల్ముకు అంతర్జాతీయ ప్రమాణాలు ఏర్పడ్డాయి. కడిగిన తరువాత ఒక చదరపు మీటరు ఫిల్ములో మిగిలిన థయోసల్ఫేట్ 0.014 గ్రాములకు మించరాదు. మెథిలీన్ బ్లూ పరీక్ష ద్వారా దీన్ని కొలుస్తారు. ఫిల్ము కడిగిన రెండు వారాల లోపునే ఈ పరీక్ష జరగాలి. ఆలస్యమైతే థయోసల్ఫేట్ రూపం మారిపోయి పరీక్ష తప్పుడు భరోసా ఇస్తుంది. కడిగే నీరు, దాని వెచ్చదనం, ఫిక్సర్ మార్చిన తేదీ, పరీక్ష ఫలితం, వీటిని నమోదు చేసిన చిట్టా ఫిల్ముకు శీలపత్రం వంటిది. చిట్టా లేని ఫిల్ము చెడ్డదని చెప్పడానికి వీల్లేదు. అది మజ్‌హూల్, అనగా స్థితి తెలియని సాక్షి. ముహద్దిసులు స్థితి తెలియని ఉల్లేఖకుని వెంటనే అబద్ధీకుడు అనలేదు, అలాగని కళ్ళు మూసుకుని నమ్మనూ లేదు.

శుభ్రంగా కడిగిన ఫిల్ముకు కూడా మరొక ఆపద ఉందని 1960ల తొలి సంవత్సరాలలో బయటపడింది. అమెరికాలో దాచిన ఫిల్ములను తనిఖీ చేసినప్పుడు వాటిపై సూక్ష్మమైన ఎర్రని, పసుపుపచ్చని మచ్చలు కనిపించాయి. కొన్ని మచ్చల చుట్టూ వలయాలు కూడా ఉన్నాయి. పాతబడుతున్న అట్టపెట్టెల నుండి, తాజా రంగుల నుండి వెలువడే పెరాక్సైడ్ల వంటి వాయువులు వెండిని ఆక్సీకరిస్తాయి. కదిలిన వెండి పక్కకు జరిగి, మరోచోట అతి సన్నని కణాలుగా పేరుకుంటుంది. అందుకే ఈ మచ్చలు ముందుగా రీలు బయటి చుట్లలో కనిపిస్తాయి. లోహపు బీరువాకు కొత్తగా పెయింటు వేయించి వెంటనే ఫిల్ములను అందులో సర్దిన గ్రంథాలయాధికారి మేలు చేస్తున్నాననుకుంటూనే కీడు చేసినవాడవుతాడు.

ఇక్కడ ఒక విచిత్రం గమనార్హం. అక్కడక్కడా పట్టి రూపాన్ని పాడుచేసే గంధకమే వెండినంతటినీ సమానంగా సల్ఫైడ్‌గా మార్చినప్పుడు రక్షణ అవుతుంది. పాలీసల్ఫైడ్ ద్రావణంతో చేసే శుద్ధి ఈ సూత్రం మీద ఆధారపడినదే. కనుక హాని గంధకం అనే పదార్థంలో లేదు. అదుపు లేకపోవడంలో ఉంది.

సిర్కా వాసన

వెండి సంగతి ఇలా ఉండగా దానిని మోసే ఆధారపు పట్టీకి వేరే కథ ఉంది. చాలాకాలం మైక్రోఫిల్ములు సెల్యులోజ్ అసిటేట్ పట్టీ మీద తయారయ్యాయి. నిప్పంటుకొనే పాత నైట్రేట్ ఫిల్ముతో పోల్చి దీనికి 'సేఫ్టీ ఫిల్ము' అని పేరు పెట్టారు. అగ్ని విషయంలో ఆ పేరు నిజమే. ఐతే వేడీ తేమా కలిసినచోట అసిటేట్ తనంత తానే విడిపోయి అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ప్రతి ఇంటి వంటగదిలోనూ తెలిసిన సిర్కా వాసన అది. ఆ ఆమ్లమే విచ్ఛేదాన్ని మరింత వేగం చేస్తుంది. పట్టీ కుంచించుకుపోతుంది, పెళుసవుతుంది, జెలటిన్ పూత ముడతలు పడి లేచిపోతుంది. పక్కనున్న మంచి రీళ్ళకు కూడా ఆ ఆవిరి సోకుతుంది.

ఈ వ్యాధితో భారతదేశానికి ప్రత్యేక సంబంధం ఉంది. ట్రైఅసిటేట్ ఫిల్ము 1948లో ప్రవేశించిన పదేళ్ళలోపే, అది ఇలా శిథిలమవుతున్నదన్న మొదటి ఫిర్యాదు తయారీదారులకు భారత ప్రభుత్వం నుండే వెళ్ళింది. వేడిగా, తేమగా ఉన్న గదులలో దాచిన ఫిల్ములవి. చల్లని దేశాలలో దశాబ్దాల తరువాత తెలిసిన సత్యం ఇక్కడి వాతావరణంలో తొందరగా బయటపడింది. అమెరికాలో రోచెస్టరు నగరంలోని ఇమేజ్ పెర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 21 డిగ్రీల సెల్సియస్, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త అసిటేట్ ఫిల్ముకు ఈ వ్యాధి మొదలయ్యేందుకు సుమారు 40 ఏళ్ళు పడుతుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే హైదరాబాదులోనూ, ఏడాదిలో ఎక్కువ భాగం ఉక్కపోతగా ఉండే కోస్తా జిల్లాలలోనూ ఏర్పాట్లు లేని గదిలో అంత గడువు దొరకదు. తేమ 60 శాతం దాటితే జెలటిన్‌కు బూజు కూడా పడుతుంది. పగలు ఏసీ నడిపి రాత్రి ఆపివేయడం వల్ల తేమ ఎగుడుదిగుడై మరో రకం నష్టం కలుగుతుంది.

పాలియెస్టర్ పట్టీకి ఈ రోగం లేదు. సరిగా కడిగి, పొడిగా చల్లగా దాచిన పాలియెస్టర్ వెండి ఫిల్ముకు 500 ఏళ్ళ ఆయుష్షును ప్రమాణాలు అంచనా వేశాయి. ఈ అంకె తరచుగా ప్రచారంలోకి వస్తుంది గాని, దాని వెంట ఉన్న షరతులు ప్రచారంలోకి రావు. సుమారు 21 డిగ్రీలకు మించని వేడి, 20 నుండి 30 శాతం తేమ, ఆమ్లం లేని పెట్టె, చెడ్డ వాయువులు లేని గది, ఇవన్నీ ఉంటేనే ఆ 500 ఏళ్ళు. షరతును వదిలి ఫలితాన్ని మాత్రమే చెప్పడం సగం హదీసు వినిపించడం వంటిది.

ఏ రీలు ఏ జాతిదో తెలుసుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. చుట్టిన రీలును దీపానికి ఎదురుగా పట్టుకుని పక్క నుండి చూస్తే పాలియెస్టర్ చుట్ల గుండా వెలుగు కనిపిస్తుంది, అసిటేట్ చుట్ల గుండా కనిపించదు. ఆమ్లం పుట్టిందీ లేనిదీ తెలుసుకోవడానికి రంగు మారే చిన్న కాగితపు పట్టీలు దొరుకుతాయి. నీలం నుండి ఆకుపచ్చకు, పసుపుకు తిరిగితే ఆ రీలును వేరుచేసి వెంటనే నకలు తీయాలి. ఒక మామూలు మదర్సా గ్రంథాలయం కూడా చేయగల పని ఇది.

చుక్క వల్ల కలిగే తస్‌హీఫ్

ఇంతవరకు చెప్పింది ఫిల్ము శీలం గురించి. అసలు ప్రశ్న దాని జబ్త్, అనగా ఖచ్చితత్వం. అరబీ లిపిలో చాలా అక్షరాల రూపం ఒకటే, చుక్కల (నుఖ్తాల) వల్లనే భేదం. చుక్క తారుమారై పదం మారిపోవడాన్ని ముహద్దిసులు తస్‌హీఫ్ అన్నారు. రమజాను తరువాత షవ్వాల్‌లో ఆరు ఉపవాసాలు పాటించడాన్ని గురించిన ప్రసిద్ధ హదీసును అబూబకర్ అస్సూలీ వినిపిస్తూ 'సిత్తన్' (ఆరు) అన్న పదాన్ని 'షైఅన్' (కొంత) అని చదివారట. హమ్జా రాయని పాత రాతలో ఈ రెండు పదాల రేఖలు ఒకటే, తేడా అంతా చుక్కలలోనే ఉంది. ఉల్లేఖకుల పరీక్షలో శిఖరం వంటి యహ్యా బిన్ మఈన్ (మరణం హి. 233) సైతం 'మురాజిమ్' అన్న పేరును 'ముజాహిమ్' అని చదివారని గ్రంథాలలో ఉంది. ఆ రెండు పేర్లకూ మధ్య అడ్డం రెండే చుక్కలు. అంతటివారికే అది జరిగితే మామూలు పరిష్కర్త గతి ఏమిటి?

ఇప్పుడు చుక్కను ఫిల్ముపై కొలిచి చూడాలి. రాతలో ఒక చుక్క అర మిల్లీమీటరు ఉందనుకుంటే, పన్నెండో వంతుకు తగ్గించి తీసిన ఫిల్ముపై అది సుమారు 42 మైక్రాన్లు అవుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పైన చెప్పిన ఎర్రమచ్చల వ్యాసం 10 నుండి 150 మైక్రాన్ల వరకు ఉంటుంది. అనగా రసాయనం పుట్టించిన మచ్చా, లేఖకుడు పెట్టిన నుఖ్తా ఫిల్ముపై ఒకే పరిమాణంలో ఉంటాయి. నెగెటివ్‌లో కాగితం నల్లగా ఉంటుంది. అక్కడ మచ్చ పడి వెండి పలచబడితే కాగితంపై తీసిన ప్రింటులో అదే నల్లని చుక్కగా దిగవచ్చు. నెగెటివ్ మీద ధూళికణం పడితే దానికి విరుద్ధంగా జరుగుతుంది, ఉన్న చుక్క చెరిగిపోతుంది. చెదపురుగు చేసిన రంధ్రం వెనుక చీకటిని చూపి తానూ ఒక నుఖ్తాలా నిలబడుతుంది. మూలప్రతిని చేతబట్టినవాడు కాగితాన్ని కాస్త వంచి చూసి అది రంధ్రమో సిరానో క్షణంలో తేల్చుకుంటాడు. ఫిల్ము చూసేవానికి ఆ వసతి లేదు.

అనుభవజ్ఞుడు అసలు ఫిల్మును భూతద్దం కింద పెట్టి మచ్చ రంగును, వలయాన్ని గుర్తుపట్టగలడన్నది నిజమే. కాని పరిష్కర్తల చేతికి వచ్చేది అసలు ఫిల్ము కాదు, దాని నకలు నుండి తీసిన ప్రింటు. నలుపు తెలుపులు మాత్రమే మిగిలిన ఆ కాగితంపై ఎర్రమచ్చకూ నుఖ్తాకూ తేడా తెలిపే సాక్ష్యమే ఉండదు.

సుర్ఖీ పోతే ఇద్రాజ్

రంగు విషయం మరింత తీవ్రమైనది. వ్యాఖ్యాన గ్రంథాలలో మూలపాఠాన్ని (మతన్) ఎర్రసిరాతో రాయడం, లేదా దానిపై ఎర్రగీత గీయడం, వ్యాఖ్యానాన్ని (షరహ్) నల్లసిరాతో రాయడం విస్తృతమైన ఆచారం. మదర్సాలలో చదివినవారికి ఈ సుర్ఖీ బాగా పరిచితం. నలుపు తెలుపు ఫిల్ము దీనిని రెండు విధాలుగా చెరుపుతుంది. అన్ని రంగులకూ చలించే పాంక్రొమాటిక్ ఫిల్ముపై ఎరుపు కాగితంలో కలిసిపోయి పలచబడుతుంది, సన్నని ఎర్రగీత పూర్తిగా మాయం కావచ్చు. ఎరుపుకు చలించని ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముపై ఎర్రసిరా నల్లసిరా ఒకే నలుపుగా దిగుతాయి. మొదటిదానిలో మూలపాఠం పోతుంది, రెండోదానిలో మూలానికీ వ్యాఖ్యకూ మధ్య గోడ పోతుంది.

ఆ గోడ పోతే వ్యాఖ్యాత మాట గ్రంథకర్త మాటగా చలామణి అవుతుంది. ఉల్లేఖకుని మాట హదీసు మతన్‌లో కలిసిపోవడాన్ని ముహద్దిసులు ఇద్రాజ్ అన్నారు, దానిని వెలికి తీయడానికి గ్రంథాలే రాశారు. మనిషి పొరపాటున చేసిన ఇద్రాజ్‌ను పట్టుకోవడానికి అంత శ్రమపడిన సంప్రదాయానికి వారసులైనవారు ఫిల్ము చేసే ఇద్రాజ్ పట్ల ఉదాసీనంగా ఉండడం సమంజసం కాదు.

వీటితో పాటు కోల్పోయేవి ఇంకా ఉన్నాయి. కుట్టు దగ్గర ముడుచుకుపోయిన హాషియా వాక్యాలు, వెలుగుకు పట్టి చూస్తేనే కనబడే కాగితపు నీటిగుర్తు, గోకి చెరిపి తిరిగి రాసిన చోట్ల గరుకుదనం, తరువాతి చేయి వేరే సిరాతో చేర్చిన సవరణ. గ్రంథం ఎవరి ముందు చదవబడిందో తెలిపే సమాఅ్ నమోదులు తరచుగా అంచులలో, పలచని సిరాతో ఉంటాయి. పాఠాన్ని దృష్టిలో ఉంచుకుని వెలుగు సరిచేసిన కెమెరాకు అవి సరిగా అందవు. ప్రతి ప్రామాణికతకు సాక్ష్యమైన భాగమే ఫిల్ములో బలహీనమైన భాగం అవుతున్నది.

సరయేవో చెప్పిన సాక్ష్యం

ఐతే ఇంత లోపభూయిష్టమైన సాధనాన్ని వదిలివేయాలా? దీనికి సరయేవో నగరం సమాధానం చెబుతుంది. 1950లో స్థాపితమైన అక్కడి ప్రాచ్య విద్యాసంస్థలో అరబీ, ఫార్సీ, ఉస్మానీ తుర్కీ మొదలైన భాషల 5,263 లిఖిత సంపుటాలు ఉండేవి. 1992 మే 17న ఫిరంగి దాడిలో ఆ భవనం తగలబడి దాదాపు అంతా బూడిదయింది. అదే సంవత్సరం ఆగస్టులో ఆ నగరపు జాతీయ గ్రంథాలయం కూడా దగ్ధమైంది. 1537లో వెలసిన గాజీ ఖుస్రూ బేగ్ గ్రంథాలయంలోని ప్రతులను మాత్రం సిబ్బంది ఒకచోటి నుండి మరోచోటికి తరలిస్తూ ప్రాణాలకు తెగించి కాపాడుకున్నారు.

యుద్ధం తరువాత బూడిదైన ప్రతుల కోసం వెదికినవారికి మిగిలిన దారి ఒక్కటే. పూర్వం తమ పరిశోధనకై విదేశీ విద్వాంసులు తీసుకువెళ్ళిన మైక్రోఫిల్ములు, ఫోటో నకళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో అడిగి తెచ్చుకోవడం. ఆ ప్రయత్నం బోస్నియా లిఖితప్రతుల సేకరణ పథకంగా రూపొందింది. వెతికితే దొరికేది మూలంలో కొద్ది భాగమే. ఐనా ఆ కొద్ది భాగం విషయంలో ఫిల్మే ఇప్పుడు మూలం. సుర్ఖీ లేకపోయినా, హాషియా కోసుకుపోయినా అంతకు మించిన సాక్షి ఇక ఈ లోకంలో లేడు.

కనుక ఫిల్ము అక్కరలేదన్నది ఈ విమర్శ సారాంశం కాదు. ఏదో ఒకనాడు అదొక్కటే సాక్షిగా మిగలవచ్చును కనుకనే దాన్ని నిర్లక్ష్యంగా తీయడం, నిర్లక్ష్యంగా కడగడం, నిర్లక్ష్యంగా దాచడం ఖియానత్ అవుతుంది. సన్నని రాత అవసరమైన రోజునే మోసం చేస్తుందన్న ఇమామ్ అహ్మద్ (రహ్మలై) హెచ్చరిక సరిగ్గా ఈ సందర్భానికి వర్తిస్తుంది. మూలం సురక్షితంగా ఉన్నంత కాలం ఫిల్ములోని లోపం ఎవరికీ పట్టదు. మూలం పోయిన రోజున ఆ లోపాన్ని దిద్దే అవకాశం ఉండదు.

దాచిన మధ్యవర్తి

ఇదంతా గడిచిపోయిన యుగపు సమస్య, ఇప్పుడంతా డిజిటల్ కదా అన్న ఆక్షేపణ రావచ్చు. నిజానికి సమస్య తగ్గలేదు, కంటికి కనబడకుండా పోయింది. ఈనాడు కంప్యూటరులో లభించే లిఖితప్రతుల బొమ్మలలో చాలావాటిని మూలప్రతిని ఎదుట పెట్టుకుని తీయలేదు. పాత మైక్రోఫిల్ములను స్కాన్ చేసి పెట్టారు. నలుపు తెలుపులో, అంచులు చీకటిగా, రెండేసి పుటలు ఒక బొమ్మగా కనిపించేవి చాలావరకు అటువంటివే. ఫిల్ములోని మచ్చ, గీత, పోయిన సుర్ఖీ అన్నీ వాటిలోకి వచ్చేస్తాయి. స్కానరు ఎంత గొప్పదైనా ఫిల్ములో లేనిదాన్ని పుట్టించలేదు.

పరిశోధకుడు ఆ బొమ్మను చూసి, ఇస్తంబూల్ ప్రతిని చూశానని రాసుకొంటాడు. వాస్తవంగా అతనికీ ఆ ప్రతికీ మధ్య కెమెరా నెగెటివ్, ముద్రణ కోసం తీసిన రెండో ప్రతి, చదువరుల కోసం తీసిన మూడో నకలు, చివరికి స్కాను ఉన్నాయి. ఈ మూడో నకలు తరచుగా వెండి ఫిల్ము కూడా కాదు. వెలుగులో వెలిసిపోయే డయాజో ఫిల్మో, వేడికి రూపు చెడే వెసిక్యులర్ ఫిల్మో అవుతుంది. మధ్యవర్తి పేరు దాచి పైవాని నుండి నేరుగా విన్నట్టు భ్రమ కలిగించడాన్ని ముహద్దిసులు తద్లీస్ అన్నారు. అలా చేసినవాడు ఎంత సత్యవంతుడైనా, విన్నానని స్పష్టంగా చెబితే తప్ప అతని ఉల్లేఖనాన్ని అంగీకరించేవారు కారు. పరిశోధకుడు కావాలని ఈ పని చేయకపోవచ్చు. అతనికే మధ్యవర్తి సంగతి తెలియకపోవచ్చు. అప్పుడు బాధ్యత బొమ్మను అందించిన సంస్థది.

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. ఉల్లేఖకుడు అల్లాహ్ ముందు జవాబుదారీ అయిన మనిషి, ఫిల్ము జడపదార్థం. హదీసు శాస్త్రం ధర్మానికి సంబంధించినది, రసాయన పరీక్ష లౌకికమైనది. రెంటినీ ఒక స్థాయిలో నిలపడం ఇక్కడ ఉద్దేశ్యం కాదు. కాని కడిగిన చేయి, దాచిన చేయి, పీఠిక రాసిన చేయి మనుషులవే. జవాబుదారీ వారిది.

తెలుగు పాఠకునికి ఇందులో ఏమి సంబంధం?

తెలుగులో ఇస్లామీ గ్రంథాలు చదివేవారిలో అత్యధికులు అరబీ మూలాన్ని సరిచూసుకోలేరు. వారి చేతికి వచ్చే పుస్తకం ముద్రిత ప్రతికి అనువాదం, కొన్నిసార్లు ఉర్దూ అనువాదానికి అనువాదం. ఆ ముద్రిత ప్రతి ఒక ఫిల్ము మీద ఆధారపడి ఉండవచ్చు. ఎక్కడో ఒక రీలుపై పడిన మచ్చ అరబీ ముద్రణలో నుఖ్తా అవుతుంది, అనువాదంలో ఒక అర్థం అవుతుంది, చివరికి ఒక తెలుగు వాక్యమై మస్జిదులో వినిపిస్తుంది. మచ్చకు అంత దూరం ప్రయాణం చేసే శక్తి ఉంది. ఆ పరంపరలో చివరనున్నవానికి పైకి చూసే దారి లేదు. అందుచేత అనువాదకుడు సందేహం కలిగినచోట ఒక్క ముద్రణతో తృప్తి చెందక మరొక ముద్రణను చూడవలసి ఉంది. తేడా కనిపిస్తే అడుగున సూచించవలసి ఉంది.

ఇటువంటి జాగ్రత్త ఈ నేలకు కొత్త కాదు. హైదరాబాదులో 1888లో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ ఉల్లేఖకుల పరీక్షకు సంబంధించిన మహాగ్రంథాలను ప్రపంచానికి అందించింది. ఇబ్నుహజర్ రచించిన 'తహ్‌జీబుత్తహ్‌జీబ్', ఇబ్ను అబీ హాతిమ్ రచించిన 'అల్‌జర్హ్ వత్తఅదీల్' ఇక్కడి అచ్చులోనే అరబ్బు దేశాలకు చేరాయి. హైదరాబాదులో 1908లో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ అతి ప్రాచీనమైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ హదీసు సంపుటిని బెర్లిన్, దమష్కు నగరాలలోని రెండు ప్రతులను పోల్చి 1953లో ప్రకటించారు. ఒక ప్రతి సాక్ష్యాన్ని రెండో ప్రతి బలపరచడమే ఆ ప్రకటనకు బలం.

ఈ వారసత్వాన్ని నిలుపుకోవాలంటే చేయవలసిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఫిల్ములున్న ప్రతి సంస్థా తన సూచికలో పట్టీ జాతిని, తీసిన సంవత్సరాన్ని, ఎన్నో తరం నకలో, చివరి తనిఖీ ఎప్పుడో రాయాలి. కెమెరా నెగెటివ్‌ను రీడరులో పెట్టి తిప్పకూడదు. అది నకళ్ళు తీయడానికే ఉండాలి, వీలైతే వేరే భవనంలో ఉండాలి. ఫిల్మును స్కాన్ చేసి ఇచ్చేవారు, ఇది ఫిల్ము నుండి తీసినదని మొదటి బొమ్మలోనే ప్రకటించాలి. మూలప్రతి బతికి ఉన్నచోట రంగులలో మళ్ళీ తీయించాలి. అలాగని పాత ఫిల్మును పారవేయరాదు. ఆ తరువాత కాగితానికి జరిగిన నష్టానికి పూర్వపు స్థితిని చూపే సాక్షి అదే. పరిష్కర్త తన పీఠికలో మూలాన్ని చూశాడో, దాని నీడను చూశాడో స్పష్టం చేయాలి. నీడను మాత్రమే చూసినచోట చుక్క మీద ఆధారపడిన పాఠభేదాలను నిశ్చయంగా చెప్పకూడదు.

ఉర్వా బిన్ జుబైర్ (రహ్మలై) తన కుమారుడు హిషామ్‌ను, రాసుకున్నావా అని అడిగారు. రాసుకున్నానన్నాడు. మూలంతో సరిచూసుకున్నావా అని మళ్ళీ అడిగారు. లేదన్నాడు. ఐతే నీవు రాయనట్టే అన్నారాయన. ఫిల్ముకెక్కించిన పుటల లెక్క చెప్పి సంతృప్తి పడే ప్రతి సంస్థకూ, ఆ పుటల ఆధారంగా గ్రంథం ప్రకటించే ప్రతి పరిష్కర్తకూ ఆ రెండో ప్రశ్న వేయవలసి ఉంది.